రెక్కకి ముందొకటి, వెనకొకటి

ఆదిభట్లలో మా షెడ్డు మూల
టార్పాలిన్ కింద రెండు అల్యూమినియం వలయాలున్నాయి.
ఒక్కోటి మనిషి ఎత్తు దాటిన గాజు.
ఏ చేతికీ ఇంకా తొడగలేదు.

డెబ్బై ఎనిమిది సీట్ల చిన్న విమానం మాది.
రెక్కకి ముందొకచోట, వెనకొకచోట కోసి
వీటిని అతికిస్తే
తొంభై ఎనిమిది.
కాగితం మీద అంతే.
కాగితం మీద అన్నీ ఎగురుతాయి.

"పావడాకి అంచు వేసినట్టేగా" అంది మహజబీన్,
రివెట్ గన్ దించకుండానే.
చాంద్రాయణగుట్టలో వాళ్ళమ్మది కుట్టుమిషను.
కాదే, అన్నాను.
అంచు బరువెంతని నడుము లెక్కలు అడగదు.
ఇక్కడ ప్రతి కిలోకీ ఇంజను సంజాయిషీ అడుగుతుంది.

మే నెల మధ్యాహ్నం,
రన్‌వే మీద గాలి నీళ్ళమజ్జిగైనప్పుడు
ఇరవై మంది ఎక్కువైతే
పెట్టెలు దింపాలా, ఇంధనం దింపాలా,
ఆ ఇరవై మందినే దింపాలా?
నా స్క్రీన్ మీద ఒక గీత
సాయంత్రానికల్లా కాస్త కిందికి వంగుతుంది.

మార్కెటింగ్ ఉదయభాస్కర్ గారికి ఆ గీత కనపడదు.
ఆయన మ్యాపు మీద
కడప నుంచి, నాందేడ్ నుంచి, జగదల్‌పూర్ నుంచి
ఎర్రదారాలు లాగి శంషాబాద్‌లో ముడివేస్తాడు.
"ఇవాళ నిండుతున్నాయి, రేపు పొంగుతాయి!"
పాలు పొయ్యి మీద పెట్టినవాడి ధీమా.
ఆర్డర్లు ఎన్నండీ అంటే
ఆసక్తి చాలా ఉందంటాడు.
ఆసక్తికి చక్రాలుండవు.

పోయిన నెల, ఇంటివాళ్ళని తీసుకురావచ్చన్న రోజు,
మా బాపు వచ్చాడు. ఓదేలు.
మియాపూర్‌లో ముప్పయ్యొక్కేళ్ళు బస్సు బాడీలు కట్టిన మనిషి.
గేటు దగ్గర ఆయన టేపు తీసి ఉంచుకున్నారు.
జాన మిగిలింది.
టార్పాలిన్ ఎత్తి, వలయం చుట్టూ
జానా జానా కొలుచుకుంటూ తిరిగాడు,
వేలితో తట్టి చెవి ఆనించాడు,
నేను చెప్పిందంతా విన్నాడు.
"మరి తోక?" అన్నాడు.

"పొడుగు జేస్తే ఎన్క గీస్తది బిడ్డా.
ఎన్కట ఒక బండికి రెండు వరసలు పెంచినం.
మొదటి దినమే స్పీడ్ బ్రేకర్ మీద
బంపరు ఊడవెరుక్కున్నది.
కాళ్ళు పెంచిన్రా మరి?"

పెంచలేదు.
కాళ్ళు పెంచితే అవి ముడుచుకునే చోటు చాలదు,
చోటు పెంచితే రెక్క మొదలు మార్చాలి,
రెక్క మారిస్తే అది సాగదీసిన విమానం కాదు
కొత్త విమానం.
కొత్తదానికి డబ్బు లేకనే కదా
ఈ సాగదీత.
ఆర్నెల్ల నా రిపోర్టులో
నలభయ్యో పేజీలో దాక్కున్న మాట అది.
బాపు టీ చల్లారకముందే చెప్పేశాడు,
తర్వాత క్యాంటీన్ సమోసా బాగుందన్నాడు.

నిన్న మీటింగు.
మరో మూడు నెలలు ఆగి చూద్దామన్నారు.
రద్దు అన్న మాట ఎవరి నోటా రాలేదు,
ఉదయభాస్కర్ గారు మ్యాపు చుట్టారు గాని
దారాలు పీకలేదు.
మహజబీన్ వెళ్తూ వెళ్తూ
టార్పాలిన్ మీద దుమ్ము చున్నీతో దులిపింది,
ఎందుకో ఆమెకే తెలియనట్టు.

ఎల్బీనగర్ బస్సు. ముగ్గురి సీట్లో నలుగురం.
ముక్కు ఒకటిన్నర డిగ్రీ తక్కువ లేపితే
తోక నేలకి తగలదు,
కానీ ఇంకో మూడొందల మీటర్లు పరిగెత్తాలి,
ఆ మూడొందలు ఏ చిన్న ఊరు ఇస్తుంది?
బొంగులూరు గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్.
బస్సు వెనకెక్కడో గర్రుమని గీసుకుంది.
ఎవరూ తలెత్తలేదు.
నేను ఫోన్లో
ఒక అంకె రాసుకున్నాను.