నువ్వినకు బాబూ

కాశీబుగ్గ బస్టాండు ఎదురు సందులో
నా కొట్టు ముఖలింగేశ్వర సెల్ పాయింట్.
బల్ల అద్దం కింద నలభై చచ్చిన ఫోన్లు,
ఒక్కోదాని వెనక చీటీ, చీటీ మీద ఇంటిపేరు.

బమ్మిడి మాస్టారు పొద్దుటే వస్తాడు,
మణికట్టుకి కొత్త గడియారం.
కుర్చీలో కూచునే చెయ్యూపి
పదివేల అడుగులు పూర్తి చేస్తాడు.
టీ తెచ్చే దుర్యోధన గ్లాసులు దించుతూ
"మోకాళ్ళు నొప్పని నిన్న ఇంట్లో అన్నాను.
ఇవాళ ఫోను నిండా నొప్పి నూనెలే.
మా ఇంటికి గోడలున్నట్టా, లేనట్టా?" అంటాడు.
"దాచుకోడానికి నీ దగ్గర ఏటుందిరా?" అని మాస్టారు.
నేను తలెత్తను. స్క్రూలు చాలా చిన్నవి.

మంగళవారం మధ్యాహ్నం లోలాక్షి వచ్చింది.
పిక్కల ఫ్యాక్టరీ నుంచి నేరుగా,
చీరకి కాలిన జీడి తొక్కల వాసన.
నీళ్ళ డ్రమ్ములో పడిన ఫోను
బియ్యంలో పెట్టి, సంచీతో సహా తెచ్చింది.

బోర్డు కడిగి, ఆరబెట్టి,
పొద్దు వాలేవేళకి బతికించాను.
వేలు పెట్టమన్నాను.
ఫోను ఒప్పుకోలేదు.
ఇంకో వేలు. ఇంకోటి.
పోయిన వానాకాలం అచ్చు వేసిన వేళ్ళు
ఈ సీజనుకి లేవు.
జీడి చమురు తినేసింది,
చాకిరేవు రాయిలా నున్నగా.
"రేషను మిషనూ ఇలాగే అంతాది.
నాను నాను కాదంట" అని నవ్వింది.
నాలుగంకెలు పైకి చెప్పబోయి
మాస్టారి వైపు చూసి ఆగింది.
నా బిల్లు పుస్తకం వెనక రాసి,
నేను చూశాక చింపి, బొడ్లో దోపుకుంది.

"పొటోలు పోతే పోనీ.
మావోడి మాట ఒకటుంది, అది కావాల.
పెతీ నెలా సోంపేట ఆస్పత్రిలో రత్తం ఇచ్చి
అంకె తెలీగానే నాకు పంపీవోడు.
ఆకరిది. అదొక్కటే.
నువ్వు మాత్రం ఇనకు బాబూ."

"ఒకసారి వింటే అరిగిపోద్దేటి" అన్నాడు మాస్టారు.
దుర్యోధన కూడా నవ్వలేదు.

పాడైన ఫైళ్ళ అడుగున దొరికింది.
నలభై ఒక్క సెకన్లు.
స్పీకరు తీగ పీకేసి
గొంతుని గీతగా తెరిచాను తెర మీద.
మొదట చిన్న చిన్న గుట్టలు.
పన్నెండో సెకను దగ్గర
మహేంద్రగిరిలా లేచింది ఒకటి,
అది అంకె కావచ్చు, దగ్గూ కావచ్చు.
తర్వాత చాలాసేపు చదును,
అల వెనక్కి పోయాక బారువ ఇసకలా.
చిట్టచివర ఒక చిన్న గుట్ట,
ఒక్క మాట పట్టేంత.
ఎక్కడా తెగలేదు.

"బావుంది" అన్నాను.
"నీ డబ్బాలో ఇంకోటి ఉండిపోయిందేటి?"
ఉంది. అందరివీ వారం ఉంచుతాను,
మళ్ళీ పోగొట్టుకుని ఏడుస్తూ వస్తారు కనక.
అదే చెప్పాను.
బయట మందస బస్సు హారను కొడుతోంది.
ఆలోచించింది.
"తీసీ. పోతే పోనాది, నాకు నోటికొచ్చు.
మా గుంటడికే రాదు. ఆడు ఇనాల."
ఆవిడ చూస్తుండగా తీసేశాను,
చెత్తబుట్టలోంచి కూడా.
నూట యాభై చెప్పి నూరు తీసుకున్నాను.

షట్టరు దించాక
నా ఫోన్లో 'కరెంటు బిల్లులు' తెరిచాను.
వేలిముద్ర అడిగింది, నాది ఇంకా ఉంది.
లోపల ఒకే ఒక్క కాగితం ఫొటో,
శివరాత్రి మర్నాడు పలాస ల్యాబులో తీయించింది.
అప్పట్నించే ఉప్పుచేప మానేశాను
వేడి చేస్తోందని చెప్పి.
అప్పట్నించే పొద్దుట రైలుగేటు దాకా నడక,
పొట్ట తగ్గాలని చెప్పి.

ఇంటికెళ్ళేసరికి హైమావతి
కారేజీ గిన్నెలు కడుగుతోంది.
"ఒకటి పాయింట్ ఎనిమిది" అన్నాను.
"ఏటి?" అంది.
కుళాయి కట్టేసింది.
మళ్ళీ చెప్పాను,
కొంచెం గట్టిగా.