పొలమారితే

పేరు బిస్కెట్.
అది తినకూడని వాటిలో మొదటిది బిస్కెట్టే.
పెట్రోలు బంకు వెనక అట్టపెట్టెలో దొరికినరోజు
ఎవరో జాలిపడి ఓ ముక్క పెట్టారట.
ముక్క కక్కేసింది, పేరు మిగిలింది.

మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు.
డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగుకి పెట్టి చూపించింది,
అన్నవాహిక పాత మేజోడులా సాగిపోయింది.
మింగింది పొట్టదాకా పోదు,
దారిలోనే చతికిలబడుతుంది.
నిలబెట్టి తినిపించాలి,
తిన్నాక ఇరవై నిమిషాలు నిలబెట్టే ఉంచాలి,
రోజుకి నాలుగుసార్లు,
బతికినన్నాళ్ళూ.

నాకు అప్పగించింది ఆరు వారాలకి.
తెల్లవారుజామున మూడింటికి బేకరీలో పిండి కలిపే మనిషిని,
బల్లారట్ చలిలో కారు అద్దం మీద మంచు గీకే మనిషిని,
ఆ నాలుగుసార్లనీ నా రోజులో ఎక్కడ కుక్కను?
కుక్కాను ఎలాగో.
సెకండ్‌హ్యాండ్ కొట్లో నాలుగు డాలర్లకి
పసిపిల్లల ఎత్తు కుర్చీ దొరికింది.
తిన్నాక భుజాన వేసుకుని వీపు నిమురుతూ
వంటింట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని,
త్రేన్పు కోసం చూసే బాలింతలా.
బుడంకాయా, అనేదాన్ని. చెవి కదిలించేది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు మావైపు.
దీనికి రోజుకి పదిసార్లు పొలమారేది.
ఎవరే నిన్ను అంతగా తలుచుకునేది,
ఆ అట్టపెట్టె వాళ్ళా?
నడినెత్తిన రెండువేళ్ళతో తట్టేదాన్ని.

ఇక సంబంధాలు.
వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు.
ఇక్కడ ఒక్క నిజం చెప్తే చాలు, ఫోను పెట్టేస్తారు.
బొచ్చు రాలుతుందా, అందొకామె.
ఆపరేషన్‌కి ఎంతవుతుంది, అన్నాడొకాయన.
ఆపరేషన్ లేదండీ అంటే, మరి దేనికీ, అన్నాడు.
సెబాస్టపోల్ నుంచి ఒక జంట పిల్లాడితో సహా వచ్చారు.
పిల్లాడు ఒళ్ళోకి తీసుకున్నాడు, అది వాడి చొక్కా మీద కక్కింది.
వాడు నవ్వాడు. వాళ్ళమ్మ నవ్వలేదు.
ఆరు వారాలు పదకొండయ్యాయి.

అప్పుడొచ్చాడు మెర్విన్ ట్రెంబాత్.
డెబ్బై తొమ్మిదేళ్ళు, ఊలు టోపీ,
వంగిన మోకాళ్ళ మీద ఆనించిన చేతులు.
కుక్కని చూడలేదు ముందు. గిన్నెని చూశాడు.
చెంచాతో ఒక్కసారి ఎత్తి, వంచి,
జారేదాన్ని కళ్ళకెదురుగా పెట్టుకుని అడిగాడు,
ఎంత చిక్కన? తేనెలానా, జున్నులానా?

పదకొండు వారాల్లో ఎవరూ అడగని మాట.

లోర్నాకి పక్షవాతం వచ్చాక, చెప్పాడు,
మూడేళ్ళు అన్నీ చిక్కబరిచే ఇచ్చాను.
మంచినీళ్ళు కూడా. టీ కూడా.
చిక్కటి టీ ఎంత ఘోరంగా ఉంటుందో తెలుసా,
ఆవిడ ఒక్కతే తాగడమెందుకని నేనూ అదే తాగాను.
ఆ పొడి డబ్బా ఇంకా అలమారాలో ఉంది.
గడువు దాటింది. పారేయలేదు.

ఇరవై నిమిషాలు పట్టుకోవాలండీ, అన్నాను.
ఇరవయ్యేనా, అన్నాడు. ఆవిడకి అరగంట.

వయసు సంగతి షెల్టరు వాళ్ళు అడిగారు.
మీ తర్వాత ఎవరూ, అని.
క్రెస్విక్‌లో ఉండే మేనకోడలు రెండో సంతకం పెట్టింది.
ఆయన పెన్ను మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

కుర్చీ ఇచ్చేశాను, కొలత చెంచా ఇచ్చేశాను,
నా పాత స్వెట్టరు కూడా, వాసనకని.
నువ్వేమని పిలుస్తావు దీన్ని, అడిగాడు గుమ్మంలో.
చెప్పాను.
బుడన్... బుడన్‌కై...
మూడోసారికి అది తల తిప్పి ఆయన్నే చూసింది.

ఇవాళ సాయంత్రం ఏడుంపావు.
నిలబడే తినేశాను, అలవాటు పోలేదు.
చల్లటి మంచినీళ్ళు గొంతులో అడ్డంపడి
కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా పొలమారింది.
వాళ్ళింట్లో ఇది భోజనాలయ్యే వేళ.
ఇంకా అయిదు నిమిషాలుంటుంది దింపడానికి.

నడినెత్తిన
నేనే తట్టుకున్నాను, రెండువేళ్ళతో.