చేపకు సెలవు

శనారం నాడు ఏం వేషం గడ్తవని
పై మంచం మీదికెల్లి తలకాయ కిందికి యాలాడేసి
అడిగిండు రోడెల్.
షార్జా రోల్లాల మా గది. ఆరు మంచాలు, ఒక్క కిటికి,
దాని మీద ఎవలిదో తడి లుంగి.
వారం సంది పప్పు వాసన మీద జిగురు వాసనే గెలుస్తుంది.
వీడు స్పాంజి షీట్లు కోసి కవచం జేస్తుండు,
ఇస్త్రీపెట్టెతోని ఛాతికి వంపు దెస్తుండు.
దుబాయిల కన్వెన్షనట. నేను జాతరంట.
రెండూ ఒకటే, టికెట్టు ఒక్కటే తేడా.

ఫోన్ల బొమ్మలు జరిపిండు.
నీలిజుట్టు పోరడు, ఈపుకు ఆనికన్న పొడుగు కత్తి.
నా పొట్ట జూసి ఇద్దరం ఏం అనలే.
ఎముకల కిరీటం రాజు ఏడడుగులు, నేను ఐదూ మూడు.
రెక్కల దొంగ బాగనే ఉన్నడు గని
ఆ రెక్కలకు మెట్రోల జాగుండది.
అన్నీ తెల్ల మొకాలే గదరా, నా రంగు సరిపోద్దా అంటె
"వేషానికి పాస్‌పోర్టు అడుగరు ఓదేలూ" అన్నడు.
నా పాస్‌పోర్టు ఎవల బీరువల ఉందో ఇద్దరికీ ఎర్కే.

వేషం నాకు కొత్తనా.
ఆరేండ్ల సంది హమూర్ చేపను నేను.
హైపర్‌మార్కెట్ల మంచుగడ్డల ముంగట
పసుపుపచ్చ రెక్కలు ఆడించుకుంట నిలబడ్త.
లోపట చిన్న ఫ్యాను, రెండు గంటలకు బ్యాటరీ సస్తది,
ఆ తర్వాత నా చెమటల నేనే ఈదుడు.
లోకాన్ని చేప నోట్లకెల్లి జూస్త.
పోరగాండ్లు ఆ నోట్ల చెయ్యి వెట్టి నన్ను దేవులాడ్తరు.
బేస్తారం బేస్తారం ముంగటి పండ్లు ఊడిన పిల్లొకతి వస్తది,
చేపకు చెవు ఎక్కడుంటదో ఎర్కలేక
మొప్ప కాడ మూతివెట్టి అరబ్బిల ఏదో రహస్యం జెప్తది.
నాకు సగమే సమజైతది.
చేప మాత్రం నిండుగ తలూపుతది.
చేప మాట్లాడొద్దు. కాగితం మీద రాసుంది,
సంతకం వెట్టింది నేనే.

మా తాత బైరూపులోడు.
ఒకనాడు అమీను, తెల్లారి మంత్రసాని,
ఆ మర్నాడు ఊరంత తిట్టుకునే వడ్డీల సేటు.
అమీను వేషానికి పటేలు కుర్చీలకెల్లి లేసిండట.
ఆఖరి నాడు రంగు కడుక్కొని, జోలె ఏసుకొని గింజలకు వోతే
"ఎవ్వనివిరా నువ్వు" అనేటోళ్లట.
ఆ మాట ఇనవడితేనే వేషం పండినట్టని
తాత నవ్వుకుంట జెప్పేటోడు.
గింజలు తక్కువ వడేటియని అవ్వ జెప్పేది.

మళ్ల జరుపు అన్న. ఇంకా ఎనకకు. ఆగు.
నీలిజుట్టోని కతల మూడో భాగంల ఒక దర్వాజ,
దాని కాడ కందిలి వట్టుకొని ఒక ముసలి కావలోడు.
మూడే బొమ్మలు. పేరు లేదు. వదులు అంగి, అంతే.
"వీడా? వీన్ని ఎవలు గుర్తువడ్తరు?"
రోడెల్ దిగొచ్చి నా పక్కకు కూసున్నడు.
"కత్తి లేదు, మంత్రం లేదు. ఏమున్నదని?"
ఒక్క మాటున్నది వానికి.
"ఆగు బిడ్డా. గాలి మళ్లినంక పో."

రోడెల్ ఏమనలే. గుండుసూది పండ్ల నడుమ వెట్టుకొని
నా భుజాల కొలత దీసిండు.

రాత్రి బాత్రూంల నల్ల ఇప్పి అదే మాట అన్న.
మన మాటల అన్న, హిందీల అన్న,
వచ్చిన కాడికి ఇంగ్లీషుల గుడ.
బయటికెల్లి షమీరు తలుపు గొట్టిండు,
ఎవలతోని ముచ్చట అనుకుంట.

ఇయ్యాల బేస్తారం.
పిల్ల వచ్చింది, మొప్ప కాడ మూతివెట్టింది.
చెప్పుడైనంక ఎప్పటి లెక్క ఉరకలే.
నిలబడి జూసింది, చేప ఏమన్న అంటదేమోనని.
వాళ్లమ్మ బండి నూక్కుంట ఉల్లిగడ్డల దిక్కు వోయింది.
తలూపిన.
తలూపుకుంటనే లోపట, పెదవులు గదిలీ గదలక,
ఆగు బిడ్డా అన్న.
ఫ్యాను ఇంకా తిరుగుతనే ఉంది.