ఇతరములు

పేరేచర్ల దాటాక బస్సు దిగి
క్వారీ లారీల బాట పట్టుకుని నడిస్తే
కొండకి పెడగా నాగజెముడు.
నా సంచిలో పద్దెనిమిది నీళ్ల సీసాలు,
ఒక్కోదాని పక్కనా బొటనవేలు పట్టేంత కంత,
అడుగున మూడురోజులు మగ్గబెట్టిన చక్కెరకేళీ గుజ్జు.
ఆ వాసనకి నా పక్క సీటు
గుంటూరు నుంచీ ఖాళీగానే వచ్చింది.

నేను ఈగలు లెక్కపెట్టే మనిషిని.
ఇంట్లో అలా చెప్పరు, ఏదో సైన్సు అంటారు.
నాన్న మిర్చియార్డులో కాటా గుమస్తా,
ముప్పై ఏళ్లు తుమ్ముతూనే టిక్కీల లెక్క రాశాడు.
లెక్క మాకు వంశంలో ఉంది,
తూచే సరుకే తేలికైపోతూ వచ్చింది.

కూరగాయల మార్కెట్లో
అరటిగెలల సందున పెట్టిన సీసా
ఒక్క పూటకే నల్లబడింది.
తిరగేస్తే నాలుగువందల పన్నెండు.
అన్నీ ఒకటే జాతి, ఎర్రకళ్లు, గోధుమ ఒళ్లు.
తిండి దండిగా ఉన్నచోట
ఒకడే ఊరంతా అయి కూర్చుంటాడు.

ఇక్కడ గుక్కెడు నీడ లేదు.
సీసాకి ఇరవై, మహా అయితే ముప్పై.
కానీ పింగాణీ పలక మీద పోసి
కుంచెతో ఒక్కోదాన్నీ జరుపుతుంటే
రెక్క కొసన మసిబొట్టు పెట్టుకున్నది వేరు,
వీపున వెండిచారలది వేరు,
ముంగాళ్లకి దువ్వెనలున్న మగది,
ఆవగింజలో సగం లేనిది,
పొట్ట అంతా పసుపు పూసుకున్నది...
తొమ్మిది దాకా వచ్చి
అప్పుడు గుర్తొచ్చింది ఊపిరి తీసుకోవాలని.

మేకల్ని తోలుకొచ్చిన ఇన్నాసమ్మ
సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి
"కల్లు గాదా?" అని నిరాశపడింది.
ఈగలకమ్మా అన్నాను.
"ఈగలకి విందులు పెట్టే చదువా!
అయితే కాయల మీద ఏం జూస్తావు, ఇటు రా."
చేతికర్రతో ఒక మట్టని పొడిచింది.
పైన ముళ్లు, ఎండకి కాలిన తోలు.
లోపల నల్లగా జారిన గుజ్జు, చెమ్మ,
కదిలే సన్నని తెల్ల పురుగులు.
మిట్టమధ్యాహ్నం రాయి మీద చెయ్యి ఆనదు,
ఈ కుళ్లులో మాత్రం చల్లగా ఉంది.
ఎప్పుడో ఓడెక్కి వచ్చిన మొక్కట ఇది,
కంచెకని నాటి, ఆనక పీకలేక తిట్టారట.
ఈగలు ఆ సంగతి కనుక్కోలేదు.

నా కాగితంలో తొమ్మిది గళ్లు.
పదో గడి: ఇతరములు.
ఒకే ఒక్క ఈగ, పుస్తకంలో ఏ బొమ్మకీ పోలని ఈగ,
రెక్కల్ని మూయకుండా, పూర్తిగా తెరవకుండా
గొడుగు బాగుచేసేవాడి దగ్గర మిగిలిన గొడుగులా నిలబడింది.
ఫోన్‌లో సారు తేల్చేశారు, ఇతరముల్లో వేసెయ్యమ్మా.

ఇన్నాసమ్మ కూడబలుక్కుంటూ చదివింది, ఇ... త... ర...
"మొన్న సర్వే పిల్లోడు మా ఏడిళ్లనీ
దీంట్లోనే ఏశాడు" అంది.
కోపంగా కాదు, బంధువు ఇల్లు గుర్తుపట్టినట్టు.
అంతలో ఏదో మేక ఎటో పోతే
అటు పరిగెత్తింది.

నాలుగింటికి క్వారీలో పేలుడు.
పద్దెనిమిది సీసాలూ ఒక్కసారి గడగడమన్నాయి.
దుమ్ము వచ్చి జెముడుకాయల ఎరుపు మీద
మెల్లగా, తీరుబడిగా కూర్చుంది.
కొండ ఇంకో మూడేళ్లు వస్తుందట,
బాటలో లారీ క్లీనర్ లెక్క అది.

కుళ్లిన మట్ట ముక్కని టిఫిన్ డబ్బాలో తెచ్చాను.
అమ్మ ఆ డబ్బాని ఇక వంటింట్లోకి రానివ్వదు.
రాత్రి లైటు కింద పదో గడిలో ఒకటి అని రాసి
ఆ రెక్క ఎలా ఉందో పక్కనే రాయబోయాను.
గడి చాలలేదు. మార్జిను దాటాను.
పక్కగదిలో నాన్న తుమ్మాడు.
పని మొదలెడుతుంటే తుమ్మితే ఆగాలంటారు.
ఆ లెక్కన మా ఇంట్లో
ఏ పనీ ఎప్పుడూ మొదలయ్యేది కాదు.