సరేసు

కాజీపేట డీజిల్ షెడ్డు ఎనక నా కొట్టు.
ఫాతిమా గుడి ఫాదర్ తెచ్చిండు,
పొట్ట పగిలిన పెద్ద ఫిడేలు.
"సెల్లో అంటరు సదానందం, పైలంగ చెయ్యి."
వెంట ఫిలోమి, గ్యాంగ్‌మన్ బిడ్డ, తొమ్మిదేండ్లు.
పిల్ల కంటె వాయిద్యమే పొడుగు.

సరేసు ఉడకబెట్టిన.
కంపుకు ముక్కు మూసుకున్నది గని
కదలలే.
పాత బోగీ సీటు టేకు ముక్క ఒకటి
లోపల ఆనించి అతికిచ్చిన.

ఇరవై ఆరేండ్లు.
వియన్నా అన్నరు, బెర్లిన్ అన్నరు.
పేపర్ల ఫోటో చింపి గోడకు అంటించిన,
అదే సరేసుతోని.
ఇప్పుడామె వాయించేది మూడువందల ఏండ్ల నాటిదట,
ఏదో బ్యాంకు అరువిచ్చిందట.
నా టేకు ముక్క ఏ మూలనున్నదో.

మొన్న రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల కచేరి.
నడిమిట్ల బొగ్గు గూడ్సు,
కూత పెట్టుకుంట, యాభై ఎనిమిది డబ్బాలు.
జనం విసుక్కున్నరు.
ఆమె కమాను గాలిల పట్టుకొని ఆగింది.
ఆఖరి డబ్బా దాటినంక
ఆ కూత శ్రుతే అందుకొని
మెల్లగ కిందికి దిగింది.

అయినంక నా దగ్గరికొచ్చి
చెయ్యి పట్టి వాసన చూసింది.
"ఇంక గదే ఉడకబెడుతున్నవా?"