కనపడలేదు అని రాస్తాం

షిప్‌యార్డులో నా పని ఫిల్ములు చదవడం.
వెల్డింగు అతుకుల ఎక్స్‌రేలు లైటు బాక్సు మీద పరిచి
ఇనుము కడుపులో గాలిబుడగలు, పగుళ్లు,
వెంట్రుకంత నిర్లక్ష్యాలు వెతకడం.
ఓడకీ పక్కటెముకలుంటాయి.
పదిహేడేళ్లుగా వాటినే చూస్తున్నాను.

మొన్న మహారాణిపేటలో
నా పక్కటెముకల ఫిల్ము నా చేతికిచ్చారు.
కవరులోంచి తీసి కిటికీ వైపు ఎత్తాను,
కుడిచెయ్యి లేవక, ఎడంచేత్తో.
శుభ్రంగా ఉంది.
నేనైతే ఆ ఓడని నీళ్లలోకి వదిలేద్దును.

మరి కుడి రొమ్ము కింద మూడువేళ్ల మేర
లోపల్నించి ఎవరో అట్లకాడ దూర్చి
అంటుకున్న అట్టుని లేపుతున్నారే, అదేమిటి?
తుమ్ము వస్తోందంటే ముందు గోడ వెతుక్కుంటాను.
బస్సులో పైకమ్మీ పట్టుకోవడం మానేసి
వర్షాకాలం రెండు దాటాయి.

"ఫైబ్రోమయాల్జియా ఉంది కదమ్మా" అన్నాడు డాక్టరు,
కలానికి మూత పెట్టేస్తూ.

ఉంది. ఆరేళ్లుగా ఉంది.
మా అత్తకి ఆ పేరు నోరు తిరగదు.
"పైబ్రమ్మోరా? ఏ ఊరమ్మోరే అది?
మొక్కేటో అడిగి సెప్పు, తీర్సేద్దుం" అంటాది.
ఆ అమ్మోరి నడక నాకు తెలుసు.
తెల్లారేసరికి ఒళ్లంతా పిండిమరలో పోసి తీసినట్టు,
చీర కుచ్చిళ్లు కూడా బరువైనట్టు.
పోపులడబ్బా చేతిలో పట్టుకునే
దాన్నేమంటారో తెలియక
అది, అది, అని నిలబడిపోయినట్టు.

ఇది ఆమె కాదు.
ఇది కొత్తగా అద్దెకి దిగింది.
కరెంటు బిల్లు మాత్రం ఇంకా
పాతవాళ్ల పేరు మీదే వస్తోంది.

సున్నా నుంచి పదిలో ఎంత, అని అడుగుతారు.
మా ఇంట్లో లెక్క వేరే.
మల్కాపురం వాళ్లం, రేవు భాష వచ్చు.
వాయుగుండం పుడితే పోర్టులో నంబరు ఎగరేస్తారు కదా,
అలాగే పొద్దున్నే టీ గ్లాసు పెడుతూ
సింహాద్రి అడుగుతాడు: "ఎన్నో నంబరు?"
ఒకటైతే నా జడ నేనే వేసుకుంటాను.
మూడైతే అతను వేస్తాడు,
సింధియా దాటేలోగా ఊడిపోయేటంత వదులుగా.
ఆరైతే నా మంచమ్మీద ఎవరూ కూచోరు.
పదో నంబరు ఒక్కసారే చెప్పాను.
హుద్‌హుద్‌కి మా ఇంటి రేకులు ఎగిరిపోయిన రాత్రి కూడా
అతని మొహం అలా లేదు.

మా పిల్ల వాటేసుకునే ముందు
"ఏ పక్కమ్మా?" అని అడుగుతుంది.
ఎనిమిదేళ్లు దానికి.

కొత్తలో కామేశం మేస్త్రి నేర్పాడు:
పగులు కిరణానికి అడ్డంగా పడుకుంటే
ఫిల్ము మీద పడదు.
అందుకే లోపం కనపడలేదు అని రాస్తాం గానీ
లోపం లేదు అని రాయం.
అనుమానముంటే కోణం మార్చి ఇంకోటి తియ్యి.

ఈ మాట డాక్టరుకి చెప్పాను.
నవ్వాడు, చెడ్డగా కాదు.
బయట బెంచీల మీద ఇంకా ముప్పైమంది.
నన్ను మాత్రం ఎన్ని కోణాల్లో తిప్పుతారు?
ఒక్కో కోణం పన్నెండొందలు.

ఇవాళ రెండో నంబరు.
డ్యూటీ దిగేముందు
కడుతున్న ఓడ దగ్గరికెళ్లాను.
రోజల్లా ఎండ తాగిన ఉక్కు పక్కటెముక,
ఇంకా రంగు పడనిది.
దానికి నా కుడిభుజం ఆనించాను.
మెల్లగా వేడి దిగింది,
ఏ చీటీలోనూ ఎవరూ రాయని కాపడం.
కళ్లు మూసుకున్నాను కాబోలు.

"ఏటి సేస్తన్నావమ్మా అక్కడ?"
పైనుంచి ఎవరో వెల్డరు, ముసుగెత్తి.

"పరీక్ష సేస్తన్నాను" అన్నాను.
కదల్లేదు.