లోపల వదిలిన గుడ్డ

నెల్లిమర్ల మిల్లు గేటుకి ఎదురుగా
నా కొట్టు. ఇరవయ్యారేళ్లు.
సైరను కూస్తే కత్తెర ఆపి టీ తాగేవాణ్ణి.
ఇప్పుడు సైరను లేదు. టీ మాత్రం
అదే వేళకి, రెండు చెంచాల పంచదారతో.

కొలతల పుస్తకాలు పదకొండు.
అట్టలు చెదలు తిన్నాయి గానీ అంకెలున్నాయి.

గుంపస్వామి, బేళ్ల సెక్షను:
ఛాతీ నలభై, నడుం ముప్ఫై,
దండ పద్నాలుగున్నర.
పక్కన నేనే రాసుకున్నాను: చెయ్యి వదులుగా కుట్టాలి,
బేలెత్తితే చొక్కా పిగులుతోందట.

ఆ దండ చుట్టూ టేపు తిప్పుతుంటే
లోపలేదో చేప మెదిలినట్టుండేది.
"బేగి కుట్టు బావా, సిరిమాను నాటికి ఏసుకోవాల."

మిల్లు మూశారు. తెరిచారు. మళ్లీ మూశారు.
గుంపస్వామి విజయనగరంలో
ఏటీఎం ముందు కుర్చీలో కూర్చునే పని పట్టాడు.
పన్నెండు గంటలు, నీలం చొక్కా.
ఆ చొక్కా నేనే కుట్టాను. నడుం ముప్ఫై నాలుగు.
తర్వాతి పుస్తకంలో ముప్ఫై ఎనిమిది.
ఆ తర్వాత నలభై ఒకటి. దండ మాత్రం పదకొండు.

"బస్టాండులో కాటా ఎక్కినాను, అరవై తొమ్మిది.
పెళ్లినాటి బరువే బావా, ఒక్క కేజీ పెరగనేదు!"
కాటా అబద్ధం చెప్పలేదు.
ఏది పోయి ఏది వచ్చిందో దాన్ని ఎవరూ అడగలేదు.
నా టేపుకి తెలుసు. టేపుకి నోరు లేదు.
నోరున్న నేనైనా చెప్పానా?
కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డ లాగి, మళ్లీ కుట్టి
యాభై రూపాయలు పుచ్చుకున్నాను.

ప్రతి ప్యాంటుకీ వెనక కుట్టులో
రెండంగుళాలు వదులుతాం మేం,
మనిషి పెరుగుతాడని.
గుండెకి అలా ఎవరు వదులుతారు.

శ్రావణంలో ఓ రాత్రి, డబ్బు యంత్రం పక్కనే,
ఎడమ దవడలో మొదలైన నొప్పి చేతిలోకి దిగిందట.
పంటినొప్పనుకుని లవంగం బుగ్గన పెట్టుకున్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది
అతను నాకిలా చెప్పాడు:
"కండంటే మన మిల్లు గోడౌనే అంట బావా.
తిన్న అన్నం తీపై లారీల్లెక్కన వస్తాదంట.
గోడౌను తెరిసుంటే సరుకు దిగిపోద్ది.
నాకది సిన్నదైపోనాది.
మరి లారీలెక్కడుంటాయి? రోడ్డు మీదే.
ఆ రోడ్డు గుండెకెల్లే రోడ్డు."

కాసేపాగి, పొట్ట మీద చెయ్యేసి,
"దిగని సరుకు కొంత ఇక్కడ దాసేసినారు.
పైకి కనపడేది కాదట, కాలేయం సుట్టూ, పేగుల సుట్టూ.
లైనింగు లాగ."

లైనింగు. ఆ మాట నాది.
పైగుడ్డని కొలుస్తాను, లైనింగుని అంచనా కడతాను.
సన్నటి చేతులవాళ్లు లోపల
ఎంత మందం మోస్తున్నారో
పదకొండు పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడతను పొద్దున్నే పెరట్లో
రెండు గోనెసంచులు పట్టుకుని కూర్చుని లేస్తాడు.
మొదట ఖాళీ సంచులు, డాక్టరమ్మ అంతవరకే ఒప్పుకుంది.
తర్వాత గుప్పెడు గుప్పెడుగా చంపావతి ఇసుక.
ఎరకమ్మ లెక్కపెడుతుంది, మధ్యలో తిడుతుంది,
తిట్టులో లెక్క తప్పి మళ్లీ ఒకటి నుంచి.
పళ్లెంలో అన్నం తగ్గి పప్పు పెరిగింది.

ఏడాదికి కొట్టుకొచ్చి చెయ్యి చాపాడు. "కొలు."
పదకొండూ ముప్పావు.
చేప కాదు, చేపపిల్ల. కానీ మెదిలింది.
నడుం ముప్ఫై ఎనిమిది.
కాటా సంగతి అడిగాను. అదే అరవై తొమ్మిదట.

అతను వెళ్లాక షట్టరు సగం దించి
టేపు నా నడుముకే చుట్టుకున్నాను.
ఇన్నేళ్ల పుస్తకాల్లో లేని పేరు నాదే.
మిషనుకి మోటారు పెట్టించి తొమ్మిదేళ్లు.
తొక్కడం మానిన పిక్కలు ఎండిన ములక్కాడల్లా ఉన్నాయి.
బెల్టు విప్పేశాను. రెండు రోజులు తొక్కాను.
మూడోనాడు నలభై జతల స్కూలు యూనిఫారాలొచ్చి
మళ్లీ తగిలించాను.

ఇవాళ ఆదివారం. బెల్టు మేకుకి వేలాడుతోంది.
నా అంకె రాశాను, పెన్సిలుతో.
టీలో ఒక చెంచా.